లోకో పైలట్ తప్పు అనేసి ఫైలు మూసేద్దామా?

మన రాయగడ, గుణుపురం తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. "ప్రమాదాలన్నీ మనుషుల నిర్లక్ష్యం వల్లే. నలుగురిని ఉద్యోగంలోంచి పీకేస్తే మిగతావాళ్ళు దారికొస్తారు. ఈ చెక్‌లిస్టులూ రూల్సూ పెంచేకొద్దీ కొత్త ఆలోచనలు చచ్చిపోతాయి" అని.

మొదటి మాటకి రుజువుగా కంటకాపల్లి రైలు ప్రమాదాన్ని చూపిస్తున్నారు. విశాఖ నుంచి మన రాయగడకొచ్చే పాసింజరే కదా, ఎవరూ మర్చిపోలేదు. 2023 అక్టోబర్ 29న అది ముందు వెళ్తున్న పలాస పాసింజర్‌ని వెనక నుంచి గుద్దింది, 14 మంది పోయారు. పాడైన ఆటో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత గంటకి 10 కిలోమీటర్ల వేగంతోనే వెళ్ళాలి, లోకో పైలట్, అంటే బండి డ్రైవర్, అలా చెయ్యలేదని ప్రాథమిక విచారణ అంది. సరే, ఒప్పుకుందాం. మరి సిగ్నల్ పాడైందన్న ముక్క సంగతి ఎవరూ అడగరేం? అదీ ఒకటి కాదు, రెండు. బండికి తనంతట తానే బ్రేకు వేసే కవచ్ అనే ఏర్పాటు కూడా ఆ లైన్లో అప్పటికి లేదు, అంటే ఒక మనిషి పొరపడితే అడ్డుకునేది ఇంకేమీ లేదన్నమాట. ఆ లోకో పైలట్ కూడా అందులోనే పోయాడు. ఇప్పుడు ఆయన్ని తిట్టి ఏ బండిని ఆపుతాం?

అదే ఏడాది జూన్ 2న మన ఒడిశాలోనే, బహానగా బజార్‌లో, డ్రైవర్‌కి గ్రీన్ సిగ్నలే పడింది. అయినా కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి, అంటే స్టేషన్లో బండ్లని పక్కకి ఆపే లైన్లోకి, పోయి గూడ్సుని గుద్దింది, 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడ: 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్లో, బాంక్రా నయాబాజ్ స్టేషన్లో, తప్పుడు వైరింగ్ వల్ల ఇలాంటిదే జరిగింది. అప్పుడే సరిచేసి ఉంటే బహానగా జరిగేది కాదని ఆ కమిషనర్ నివేదికే రాసింది.

పీకేస్తే దారికొస్తారా? రారు, నోరు మూసుకుంటారు. చెబితే మెమో ఇస్తారని తెలిసినవాడు "కొద్దిలో తప్పిపోయింది సార్" అని ఎందుకు చెబుతాడు? అమెరికాలో నాసా 1976 నుంచి విమాన పైలట్ల పొరపాట్లని వాళ్ళ చేతే రాయించుకుని, పేర్లు తీసేసి, అందరికీ పనికొచ్చేలా చేస్తోంది.

ఇక చెక్‌లిస్టులు. 1935లో బోయింగ్ కొత్త బాంబర్, అనుభవమున్న టెస్ట్ పైలట్లు నడుపుతుండగానే, లేచిన కాసేపటికి కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు తోక భాగాలు కదలకుండా బిగించే లాక్ తియ్యడం మర్చిపోయారు. పైలట్ల చెక్‌లిస్టు పుట్టింది అప్పుడే, ఆ విమానమే తర్వాత బీ-17 పేరుతో వేల సంఖ్యలో ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ బీ-17లలోనే పైలట్లు నేల మీదకి దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంచే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవాళ్ళు. అల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే రెండు స్విచ్చులూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకి చక్రం ఆకారంలోనే పిడి పెట్టించాడు. ఇప్పటి విమానాల్లోనూ అదే ఆకారం.