ఎవరి మాట చెల్లాలి?

నార్మండీ అనగానే 1944 జూన్ 6న తీరంలో కురిసిన తూటాల వానే గుర్తొస్తుంది. ఆ ఒక్కరోజే సుమారు లక్షా 56 వేల మంది మిత్రపక్ష సైనికులు ఓడల్లో, పారాచూట్లతో జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్స్ గడ్డ మీద దిగారు. చిన్నాపెద్దా కలిపి దాదాపు 7 వేల నౌకలు కదిలాయి. వాటిని కదిలించడం కన్నా కష్టమైన పని అంతకు 15 నెలల ముందే మొదలైంది. జనరళ్లు, అడ్మిరళ్లు, ఎయిర్ మార్షళ్లలో ఎవరి మాట చెల్లాలో తేల్చడమే ఆ పని. ఆ దాడిని ఇప్పుడు మళ్లీ చదవాల్సింది ఈ పంచాయితీ కోసమేనని మా అభిప్రాయం.

1943 మార్చిలో దాడి ప్రణాళికను బ్రిటిష్ లెఫ్టినెంట్ జనరల్ ఫ్రెడరిక్ మోర్గాన్‌కు అప్పగించారు. ఆయన హోదా సుప్రీం కమాండర్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్. కానీ ఆ సుప్రీం కమాండర్ ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సాగింది వ్యవహారం. దక్కుతాయని చెప్పిన పడవల లెక్కకు సరిపడా మూడు డివిజన్లతో (ఒక్కో డివిజన్‌లో వేల మంది సైనికులుంటారు) మోర్గాన్ ప్లాన్ గీశారు. ఆగస్టులో రూజ్‌వెల్ట్, చర్చిల్‌ల క్యూబెక్ సమావేశం దాన్ని ఆమోదించింది. నవంబర్ చివర్లో టెహ్రాన్‌లో స్టాలిన్ నేరుగా అడిగేశాడు, ఈ దాడికి కమాండర్ ఎవరని. రూజ్‌వెల్ట్ దగ్గర జవాబు లేదు. డిసెంబర్‌లో గానీ అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ పేరు ఖరారు కాలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ప్లాన్ రూపు మారిపోయింది. ఇంత ఇరుకు తీరంలో, ఇంత తక్కువ బలగంతో దిగలేమని బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ తేల్చేశారు. మూడు డివిజన్లు అయిదయ్యాయి, దాడి మే నుంచి జూన్‌కు వాయిదా పడింది. పడవలు చాలక, అదే సమయంలో చేయాలనుకున్న దక్షిణ ఫ్రాన్స్ దాడిని ఆగస్టు 15 దాకా ఆపారు. ఇదే కోరిక మోర్గాన్ కోరి ఉంటే, అధికారం లేని మనిషి కోసం పడవలు వదులుకునేవారెవరు?

కాగితం మీద అంతా చక్కగానే కనిపించింది. ఐసెన్‌హోవర్ కింద డిప్యూటీగా టెడ్డర్, నౌకాదళానికి రామ్సే, విమానాలకు లీ-మాలరీ, తొలి దశలో నేల మీది సైన్యానికి మాంట్‌గోమరీ. అసలు పేచీ భారీ బాంబర్ల దగ్గర వచ్చింది. బ్రిటిష్ బాంబర్ల అధిపతి హారిస్, అమెరికన్ బాంబర్ల అధిపతి స్పాట్జ్ తమ విమానాలను లీ-మాలరీ చేతికి ఇవ్వబోమన్నారు. జర్మన్ నగరాలను కొట్టాలని ఒకరు, చమురు కర్మాగారాలను కొట్టాలని మరొకరు పట్టుబట్టారు. జర్మన్ సేనలు తీరానికి చేరకుండా ఫ్రాన్స్‌లోని రైల్వే యార్డులను ముందు ధ్వంసం చేయాలన్నది టెడ్డర్ వాదన. బాంబర్లపై తన మాట చెల్లకపోతే పదవి వదిలేస్తానని ఐసెన్‌హోవర్ అనేదాకా వెళ్లింది. చివరికి ఏప్రిల్‌లో బాంబర్లకు దిశానిర్దేశం చేసే అధికారం ఆయనకే దక్కింది. చర్చిల్ భయపడ్డట్టే ఆ బాంబులకు వేల మంది ఫ్రెంచి పౌరులు బలయ్యారు. ఆజ్ఞ ఒకే నోటి నుంచి వచ్చినంత మాత్రాన అది న్యాయమైనదైపోదు. కాకపోతే నిలదీయడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. దాడి విఫలమైతే తప్పు తనదేనని ఐసెన్‌హోవర్ ముందే చీటీ రాసి పెట్టుకున్నారు కూడా.

ఇంత చేసినా లోపాలు మిగిలాయి. ఏప్రిల్ 28 తెల్లవారుజామున, ఇంగ్లండ్ తీరంలో రిహార్సల్‌కు వెళ్తున్న అమెరికన్ నౌకల మీద జర్మన్ టార్పెడో పడవలు పడ్డాయి. 700 మందికి పైగా చనిపోయారు. కాపలా రావాల్సిన బ్రిటిష్ డిస్ట్రాయర్ దెబ్బతిని రేవులోనే ఉండిపోయిందన్న కబురు ఆ నౌకలకు అందలేదు. కాగితాల్లో దొర్లిన తప్పు వల్ల రేడియో ఫ్రీక్వెన్సీలూ కలవలేదు.

అవతలి పక్షం సంగతి మరీ అధ్వానం. ట్యాంకు డివిజన్లు తీరం పక్కనే ఉండాలని జర్మన్ సేనాని రొమ్మెల్, లోపల ఉంచాలని ఆయన పై అధికారి రుండ్‌స్టెట్ వాదించారు. హిట్లర్ కొన్ని రొమ్మెల్‌కు ఇచ్చి, మరికొన్ని తన అనుమతి లేనిదే కదలకూడదన్నాడు. దాడి రోజు ఉదయం ఆయన నిద్రలో ఉన్నాడు, లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఈ పాఠం మన దేశానికీ వర్తిస్తుంది. 1971 డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధంలో కాక్స్ బజార్ దగ్గర మన బలగాలను హడావుడిగా దించబోతే, తీరం లోతు సరిగా తెలియక జవాన్లు నీటమునిగి చనిపోయారు. 2001లో అండమాన్‌లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్, 2020లో మూడు దళాల మధ్య సమన్వయం చూసే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి వచ్చాయి. ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టే థియేటర్ కమాండ్ల మీద మాత్రం ఏళ్లుగా చర్చే నడుస్తోంది. ఉన్న కొద్ది యుద్ధ విమానాల స్క్వాడ్రన్లను ముక్కలు చేయొద్దన్న వైమానిక దళం అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. స్పాట్జ్ వాదనలోనూ పస ఉంది, చమురు మీద దాడులు జర్మనీని తర్వాత నిజంగానే కుంగదీశాయి. అయినా ఎవరో ఒకరు తేల్చాలి కదా. కాకినాడ తీరంలో విన్యాసాలప్పుడు నౌకలు, ట్యాంకులు, హెలికాప్టర్లు చక్కగానే కలిసి పనిచేస్తున్నాయి. యుద్ధం వచ్చిన రోజు ఏ కమాండర్‌కు ఎన్ని యుద్ధ విమానాలో, పేచీ వస్తే ఎవరి సంతకం చెల్లుతుందో రక్షణ శాఖ ఇప్పుడే రాతపూర్వకంగా ఖరారు చేయాలి.