గోడ అవతలి పొరుగు, తెర అవతలి పొరుగు

తిరుపతి బైరాగిపట్టెడలో ఒకే గోడను పంచుకునే రెండు ఇళ్లవారి మధ్య జరిగినట్టు రాసిన వాదన ఇది. అయ్యవారు హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవారు. ఇంటర్ చదివే మనవడు ఆయన దగ్గరే ఉంటున్నాడు. పొరుగింటామె మందుల షాపులో పనిచేస్తుంది, రాత్రి వంటింటి పని ముగిశాక ఫోన్‌లో ఆటలాడుతుంది. రాత్రి పదకొండు దాటినా మనవడు ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ అనే ఫోన్ ఆట వదలకపోవడంతో మాట మొదలైంది. ఆటలో కలిసేవారిని పొరుగువారిగా లెక్కించవచ్చునా అన్నది వారి మధ్య ప్రశ్న. నేను ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోలేను. అయితే ‘పిల్లలు ఫోన్లతో చెడిపోతున్నారు’ అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్నను పక్కకు నెట్టేవారితో మాత్రం నాకు పేచీ ఉంది.

అయ్యవారు: అమ్మా, నేను ఆటను తప్పుపట్టడం లేదు. గుడి మండపంలో బండ మీద గీసిన గీతల్లో పులిజూదం ఆడుతూ పొద్దుపోయిన సంగతి మరిచి, ఇంటికొచ్చి దెబ్బలు తిన్నవాణ్నే నేను కూడా. ఆ తెర మీద తగిలినవాళ్లను వీడు ‘మా వాళ్లు’ అంటున్నాడు చూడు, అక్కడ నాకు అభ్యంతరం. పొరుగువారిని మనం ఎంచుకోలేం. మన గుమ్మం ముందు నీళ్లు పారబోసేవాడు, తెల్లవారుజామున మైకు పెట్టేవాడు, మన మాట గిట్టనివాడు కూడా అదే వీధిలో ఉంటారు, వాళ్లతోనే మనం సర్దుకుపోవాలి. వాళ్లతో తగువుపడి, మాట మానేసి, ఏ పెళ్లిలోనో మళ్లీ పలకరించుకున్నప్పుడు మనిషికి కొంత ఓర్పు అబ్బుతుంది. ఆటలోనైతే నచ్చనివాణ్ని ఒక్క నొక్కుతో తీసేస్తారు. సర్దుకుపోవలసిన అవసరమే లేని చోట పొరుగుతనం ఎలా పుడుతుంది?

పొరుగింటామె: సర్దుకుపోవలసిన అవసరం లేదని మీకెవరు చెప్పారు అయ్యవారూ? మా క్లాన్‌లో, అంటే మా జట్టులో, యాభై మంది దాకా ఉండవచ్చు. ప్రతి ఒక్కరికీ సొంత ఊరు, ఆ ఊళ్లో ఒక కోట ఉంటాయి. ఆ కోటలో నింపుకునే దండును ఎవరికి వారు తయారుచేసుకోలేరు, ఎక్కువగా సాటివారే పంపాలి. ‘ఆర్చర్లు కావాలి’ అని ఒకరు అడుగుతారు, ఉన్నవాళ్లు ఇస్తారు. అడగడమే తప్ప ఇవ్వడం ఎరగనివాడు ఎవడో వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోతుంది. వాడితో ఎలా వేగాలన్నది అక్కడా ఒక సమస్యే, దానికీ మధ్యవర్తులున్నారు, అలకలున్నాయి, రాజీలున్నాయి. పప్పులోకి చింతపండు అరువడిగే ఇంటిని మీరు పొరుగిల్లంటారు. అలా అడిగి, ఇచ్చిపుచ్చుకుని, ఇవ్వనివాణ్ని గుర్తుపెట్టుకునే యాభై మందిని ఎందుకు అనరు?

అయ్యవారు: ఎందుకంటే ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఏర్పాటు చేసింది వాళ్లు కాదు, ఫిన్లండ్‌లోని ఒక కంపెనీ. 2012లో ఆ ఆటను విడుదల చేసినప్పుడే, సాటివాడు ఇస్తే తప్ప కోట నిండకూడదని ఆ కంపెనీ నిర్ణయించింది. ఎందుకలా నిర్ణయించిందో ఆలోచించు. మనిషి ఆట మీద విసుగెత్తి మానేయగలడు గానీ, తన కోసం ఎదురుచూసే మనుషులను అంత సులువుగా వదులుకోలేడు. దీనికి మూలం చూడాలంటే 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ‘ఫామ్‌విల్’ దగ్గరకు పోవాలి. అందులో స్నేహితులను ‘పొరుగువాళ్లు’ అనే పేరుతోనే చేర్చుకునేవారు. స్ట్రాబెరీ నాటితే నాలుగు గంటలకు కోతకు వచ్చేది, సమయానికి కోయకపోతే పంట ఎండిపోయేది. పొలం విస్తరించాలంటే ఇంతమంది పొరుగువాళ్లు ఉండాలనేవారు, లేదా డబ్బు కట్టమనేవారు. మా కోడలు అప్పట్లో అన్నం వడ్డిస్తూ మధ్యలో లేచి పంట కోసి వచ్చేది. తనకు పరిచయం లేనివాళ్లకు కూడా చేర్చుకొమ్మని అభ్యర్థనలు పంపేది. ఇంతమంది ఉంటే ఇంత పొలం అని లెక్కగట్టిన చోట సాటిమనిషి ఎరువు బస్తాతో సమానమైపోతాడు.

(ఫామ్‌విల్ ఆడినవారు ఈ మాటను కాదనలేరు. ఎండిన పంటను బతికించడానికి పొరుగువారు వచ్చి సాయపడే వీలు ఆ ఆటలో ఉండేది, అందులో నిజమైన ఆప్యాయత కూడా కొంత కనిపించేది. కానీ ఆ ఆప్యాయతకు అవసరాన్ని సృష్టించింది, పంట ఎండేట్టు రాసిన చెయ్యే.)

పొరుగింటామె: ఫామ్‌విల్ విషయంలో మీతో వాదించను, అందులో మనిషిని వాడుకున్న మాట నిజం. అయితే కంపెనీలు ఈ బంధాన్ని కనిపెట్టలేదు, ముందే ఉన్నదాన్ని పట్టుకుని అమ్ముకున్నాయి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక ఆట రాశారు. దానిలో బొమ్మ ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే. ‘నువ్వొక దారిలో ఉన్నావు’ అని తెర చెబితే ‘తూర్పుకు పోతాను’ అని టైపు చేయాలి. అలాంటి ఆటల్లో జనం ఎందుకు గంటల తరబడి ఉండిపోతున్నారో బార్టిల్ తర్వాత 1996లో ఒక వ్యాసంలో విడదీసి చెప్పాడు. కొందరు గెలుపు కోసం, కొందరు కొత్త చోట్లు చూడడం కోసం, కొందరు ఇతరులను వేధించడం కోసం, కొందరు కేవలం కబుర్ల కోసం వస్తారన్నాడు. నేను ఆ చివరి జట్టు మనిషిని. గెలిచినా ఓడినా నాకు ఒకటే. పగలంతా షాపులో ‘ఈ మాత్ర ఉందా’ అనేవాళ్లతో, రాత్రి ‘కూర ఏమిటి’ అనేవాళ్లతో మాట్లాడతాను. ఈ రెండూ కాని మాట ఒకటి నాకు కావాలి. మగవాళ్లకు లీలామహల్ దగ్గర టీ కొట్టుంది. అక్కడ ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. పని లేకుండా, కొనుగోలు లేకుండా, ఒక ఆడమనిషి రాత్రి తొమ్మిదింటికి నిలబడి కబుర్లు చెప్పుకోగల చోటు ఈ తిరుపతిలో ఒకటి చూపించండి.

అయ్యవారు: చూపించలేను. ఆ లోపం ఊరిది, నీది కాదు. ఆ లోపాన్ని ఊళ్లోనే దిద్దుకోవాలని మాత్రం అడుగుతాను. పైగా ఆ తెర మీద ఆడవాళ్లకు మర్యాద దక్కుతోందా? తుపాకుల ఆటల్లో ఆడగొంతు వినపడగానే వచ్చే మాటలు నేను విన్నాను, నా మనవడి పక్కన కూర్చునే విన్నాను.

పొరుగింటామె: అవును, అందుకే చాలామంది ఆడపిల్లలు మైకు ఆపుకుని ఆడతారు, మగపేరు పెట్టుకుంటారు. నేనూ మొదట్లో అలాగే ఆడాను. అయినా ఆ మారుపేరు వల్ల నాకు మేలు కూడా జరిగింది. మారువేషం సంగతి తిరుపతి వాళ్లకు వేరే చెప్పాలా? తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కడతారు, మగవాళ్లు చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. పాళెగాణ్ని పట్టుకోవడానికి అమ్మవారే వేషాలు మార్చి తిరిగిందని కథ. వేషంలో ఉన్నవాడు బూతు తిట్టినా ఆ వారం రోజులూ ఎవరూ తప్పుపట్టరు. ముఖం మారితే మనిషికి మాట వస్తుందని ఈ ఊరికి ఎప్పటినుంచో తెలుసు.

అయ్యవారు: మంచి పోలిక తెచ్చావు గానీ, అది నా వైపే నిలబడుతుంది. జాతరలో వేషం కట్టినవాడు ఎవరో వీధికంతా తెలుసు. బూతు తిట్టే ఆ పిల్లవాడు ఫలానా వాళ్ల రెండోవాడని తెలిసే నవ్వుతాం. వేషం ముఖాన్ని మారుస్తుంది గానీ ఇంటిపేరును దాచదు. రెండో మాట, ఆ వేషానికి గడువుంది. చాటింపుతో మొదలై, చివర అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప తీసి ఆ మట్టిని భక్తులకు పంచడంతో జాతర ముగుస్తుంది. మర్నాడు అందరూ మామూలు బట్టల్లో ఎదురుపడతారు, నిన్న తిట్టినవాడు ఈరోజు నమస్కారం పెడతాడు. నీ ఆటకు ఆ మర్నాడు లేదు. గడువు లేని వేషం మనిషిని ఏం చేస్తుందో మనకింకా పూర్తిగా అర్థం కాలేదు. ఆట మీద అదుపు తప్పి, చదువూ ఉద్యోగమూ పాడైనా మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమలులో ఉంది. అందరికీ ఆ జబ్బు ఉందని నేను అనను. గడువు ఉండాలంటాను.

(ఇక్కడ నా మొగ్గు అయ్యవారి వైపే. వేషం గురించి ఇంత సూటిగా ఆలోచించడానికి జాతర చూసి పెరిగిన ఊరే కావాలేమో.)

పొరుగింటామె: గడువు మాట ఒప్పుకుంటాను. కానీ అయ్యవారూ, మీ మనవడు పదకొండింటిదాకా ఎందుకు మేలుకుంటాడో మీరు వాణ్ని అడిగారా?

అయ్యవారు: అడిగాను. ‘వార్ ఉంది తాతా’ అన్నాడు, రెండు క్లాన్‌ల మధ్య పోటీ అట.

పొరుగింటామె: వాడు మీకు సగమే చెప్పాడు. వాడూ నేనూ ఒకే క్లాన్‌లో ఉన్నాం. కువైట్‌లో ఉన్న వాళ్ల నాన్న, మీ అబ్బాయి, కూడా అందులోనే ఉన్నాడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అతను డ్యూటీ దిగి, వంట చేసుకుని, ఫోన్ చేతికి తీసుకునేసరికి అక్కడ ఎనిమిదిన్నర, ఇక్కడ పదకొండు. రాగానే కోటకు దండు కావాలని అడుగుతాడు. మీ మనవడు తప్ప ఇంకెవరూ ముందు ఇవ్వకూడదని మాలో ఒక అలిఖిత నియమం ఉంది. వాడు ఇస్తాడు. ‘ఈ దాడి ఇలా చేయి, గోడ ముందు పగలగొట్టు’ అని నాన్న రాస్తాడు, ‘నీకు చేతకాదులే నాన్నా’ అని వీడు రాస్తాడు. వీడియో కాల్‌లో ఈ తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకుంటారో మీకు తెలుసు. తిన్నావా, తిన్నాను, చదువుతున్నావా, చదువుతున్నాను, ఫోన్ అమ్మకివ్వు. అంతే కదా?

అయ్యవారు: … అంతే. ఈ సంగతి నాకు తెలియదు.

అయ్యవారు (కాసేపు ఆగి): తండ్రీకొడుకుల మాట వచ్చాక నా గొంతు పెగలదని నీకు తెలుసు, అయినా న్యాయం చెప్పుకోవాలి. నువ్వు చూపించింది పొరుగును కాదు, రక్తసంబంధాన్ని. ఆ బంధం ఆటకు ముందే ఉంది, ఆట దానికి దారి ఇచ్చింది. ఉత్తరం ఆ పని చేసేది, టెలిఫోను ఆ పని చేసేది. ఏమీ లేని చోట, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఆట కొత్తగా ఒక బంధాన్ని పుట్టించగలదని చూపించు, అప్పుడు ఆలోచిస్తాను.

పొరుగింటామె: చూపిస్తాను. నార్వేలో కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన ఒక యువకుడు 2014లో తన ఇరవై అయిదో ఏట చనిపోయాడు. కొడుకు ఎవరితోనూ స్నేహం లేకుండానే వెళ్లిపోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెట్టగానే ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో అతనితో కలిసి ఆడినవారి నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకరు ఒంటరితనంలో అతను తోడున్నాడని రాశారు, ఇంకొకరు తన బిడ్డతో మాట్లాడడం ఎలాగో అతను నేర్పాడని రాశారు. వేరే దేశాల నుంచి కొందరు అంత్యక్రియలకు వచ్చారు. వాళ్లలో ఎవరూ అంతకుముందు అతని చెయ్యి ముట్టినవారు కారు. ఆ పాడె వెంట నడిచినవారిని మీరు ఏమని పిలుస్తారు?

అయ్యవారు: ఆత్మీయులని పిలుస్తాను. ఆ మాట అనడానికి నాకు సంకోచం లేదు. అయినా నా చివరి అభ్యంతరం అలాగే ఉంది, అది మనుషుల మీద కాదు, నేల మీద. వీధిలో నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది, అద్దెకున్నవాడికి కూడా ఖాళీ చేయడానికి గడువిస్తారు. ఆ ఆటలో నేల ఎవరిది? 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది, అక్టోబర్ 30 నుంచి మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. కారణాలు ప్రభుత్వానికి ఉన్నాయి, వాటి జోలికి పోను. అదే ఏడాది డిసెంబర్ 31న ఫేస్‌బుక్‌లో ఫామ్‌విల్ మూతపడింది, అది నడిచే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లిందన్నారు. కోట్ల పొలాలు ఒక్కరోజుతో లేకుండా పోయాయి. అక్కడ ఉన్నవాళ్లను అడిగినవాడెవడు? వీధిని తీసేయాలంటే కనీసం మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నా చేయవచ్చు.

పొరుగింటామె: ఇక్కడ నేను మీకు జవాబు చెప్పలేను. పబ్జీ ఆగిన రోజుల్లో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్న జట్లు మిగిలాయి, ఆ పని చేయనివాళ్లు ఒకరికొకరు ఏమయ్యారో తెలియకుండా పోయారు. అందుకే మా క్లాన్‌లో ఎవరు చేరినా కొన్నాళ్లకు అసలు పేరు, ఊరు, ఒక నంబరు అడిగి ఉంచుకుంటాం. మదనపల్లె కుర్రవాడు ఒకడు ఉన్నట్టుండి కనిపించకపోతే పీలేరులో ఉన్న మావాడు బండి వేసుకుని పోయి చూసి వచ్చాడు, కుర్రవాడికి డెంగ్యూ. నేల మాది కాదు, మనుషులు మావాళ్లు.

అయ్యవారు: అయితే ఇంకొకటి చెప్పు. వార్ రోజున ఒక్కొక్కరికి రెండు దాడులంటున్నారు. పరీక్షలని నా మనవడు ఆ రెండూ చేయకపోతే ఏమవుతుంది? ఆడనివాణ్ని తీసేస్తారని వాడి భయం. నిద్ర మానేది ఆ భయంతోనే. మన వీధిలో నేను ఏడాది పాటు ఎవరి గడపా తొక్కకపోయినా నన్ను వీధి నుంచి పంపించేవాడు లేడు.

పొరుగింటామె: కొన్ని క్లాన్‌లలో తీసేస్తారు, నిజమే. నాయకుడు, సహనాయకులు మామూలు సభ్యులను తొలగించవచ్చు. అయితే వార్‌కు రానని ముందే చెప్పడానికి ఆటలోనే వీలుంది. పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టుకుంటే మామూలుగా జాబితాలోకి తీసుకోరు. మా క్లాన్‌లో సహనాయకురాలిని నేనే. ఇంటర్ పరీక్షలు ముగిసేదాకా వాణ్ని ఎర్ర గుర్తు పెట్టుకొమ్మనండి. నాన్నకు దండు పంపడానికి పావుగంట చాలు, ఆ పావుగంట మాత్రం తీసేయకండి.

అయ్యవారు: పావుగంట ఇస్తాను, పదకొండుంబావుకు ఫోన్ నా బల్ల మీద ఉండాలి. పరీక్షలు అయ్యాక వాడి పేరు మీ జాబితాలో ఉందో లేదో నేనే చూస్తాను. ఉంటే మీ యాభై మంది గురించి నా మాట మార్చుకుంటాను. కంపెనీ గురించి మాత్రం మార్చుకోను.