షుగర్ చూడరు, డీ-డైమర్ మాత్రం అడుగుతారు

జ్వరాల సీజన్ వస్తే చాలు, ఫోన్లలో అవే ప్రకటనలు. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఫెరిటిన్, కణాలు దెబ్బతిన్న సంగతి చెప్పే ఎల్‌డీహెచ్, రక్తం గడ్డకట్టడాన్ని పసిగట్టే డీ-డైమర్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాం అంటారు. డాక్టర్ చీటీ కూడా అడగరు. 2021 వేసవిలో, కొవిడ్ సెకండ్ వేవ్‌లో, ఈ పేర్లు నేర్చుకోవడానికి మన కుటుంబాలు ఏం పోగొట్టుకున్నాయో ఇంత తొందరగా మర్చిపోతే ఎలా?

ఆ రోజులు ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. దగ్గు మొదలైన రెండో రోజే రక్త పరీక్షలు, వాటిలో ఏదో ఒకటి గీత దాటితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ టెన్షన్‌లోనే ఎవరో రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మింగేయడం. తేలికపాటి లక్షణాలున్నవారికి ఈ పరీక్షలన్నీ అక్కర్లేదని, అవి భయాన్నే పెంచుతాయని నాటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలోనే హెచ్చరించారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ మీద, వెంటిలేటర్ మీద ఉన్నవారినే కాపాడుతుందని, ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు చేయదని బ్రిటన్‌లో కొవిడ్ మందులపై జరిగిన రికవరీ ట్రయల్ అంతకు ఏడాది ముందే తేల్చింది. అయినా వినలేదు. కాగితం మీది అంకెకు మందు వేశారు, మంచం మీది మనిషికి కాదు.

ఆ మందు పెంచిన షుగర్‌ను ఎవరు చూశారు? చాలాచోట్ల ఎవరూ చూడలేదు. స్టెరాయిడ్, అదుపు తప్పిన షుగర్ కలిసినచోట బ్లాక్ ఫంగస్ దాడి చేసింది. 2021 జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300 మందికి పైగా మృతులు. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి వార్డులు ఆ రోగులతో నిండిపోయాయి. కొందరికి ప్రాణం దక్కించడం కోసం కన్ను తీసేయాల్సి వచ్చింది, కొందరికి దవడ. షుగర్ పెరిగిందన్నది వేలి మీద సూదితో గుచ్చి ఒక్క చుక్క రక్తం చూస్తే తెలిసిపోయే విషయం.

వైరల్ న్యుమోనియా, ఊళ్లలో నిమ్ము అంటారే అది, ముదిరినప్పుడు శరీరం తనలోని చక్కెరను తానే రక్తంలోకి వదులుతుంది. అప్పటిదాకా షుగర్ లేనివారిలోనూ అది పెరగొచ్చు. కణాలకు ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో లాక్టేట్ అనే పదార్థం పెరుగుతుంది, కణాలు దెబ్బతింటే ఎల్‌డీహెచ్ బయటికొస్తుంది. చైనాలోని హుబే ప్రావిన్సులో 7,337 మంది కొవిడ్ రోగులను పరిశీలించారు. వారిలో 952 మంది మధుమేహులు. ఆ మధుమేహుల్లో, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ షుగర్ 70 నుంచి 180 మధ్య నిలిచినవారిలో మరణాలు 1.1 శాతం, అదుపు తప్పినవారిలో 11 శాతం. తేడా అంతా షుగర్ వల్లే వచ్చిందని అనలేం. కానీ ఆ అంకెను చూడకుండా వదిలేసే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు.

పరీక్షలు ముందే చేయిస్తే ప్రమాదాన్ని పసిగట్టవచ్చని ల్యాబ్‌లు, కొందరు వైద్యులు అంటున్నారు. ఆస్పత్రిలో చేరిన రోగి విషయంలో, డాక్టర్ అడిగినప్పుడు, అది నిజమే. ఇంట్లో కూర్చుని ప్యాకేజీ కొనుక్కున్నవారి విషయంలో కాదు. డీ-డైమర్ గర్భిణుల్లో పెరుగుతుంది, ఆపరేషన్ అయినవారిలో పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. ఊహాన్‌లో 485 మంది రికార్డులతో ఎల్‌డీహెచ్, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), సీఆర్‌పీ అనే మూడింటిని బట్టి మరణాన్ని 90 శాతానికి పైగా కచ్చితంగా ముందే చెప్పవచ్చని 2020లో ఒక పరిశోధన వచ్చింది. అదే సూత్రాన్ని నెదర్లాండ్స్, ఫ్రాన్స్, న్యూయార్క్ ఆస్పత్రుల రోగులపై ప్రయోగిస్తే ఆ కచ్చితత్వం నిలవలేదు. ఒక ఊరి ఆస్పత్రిలో పనికొచ్చిన అంకె ఇంకో ఊళ్లో తీర్పు అయిపోదు. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీసుకుంటున్నాడు, ఆక్సిజన్ ఎంత, మాట తడబడుతోందా, ఇవన్నీ చూడాలంటే రోగి పక్కన మనిషి నిలబడాలి. ప్యాకేజీలో దానికి చోటు లేదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. 2021లో గత్యంతరం లేక, భయంతో జరిగినదంతా ఇప్పుడు పద్ధతిగా స్థిరపడుతోంది. రేపు హెచ్ఎంపీవీ అన్నా, స్వైన్ ఫ్లూ అన్నా, ఇంకేదో కొత్త వైరస్ అన్నా ముందు ప్యాకేజీ, తర్వాతే డాక్టర్. అమ్ముడుపోయే అంకెలన్నీ చూస్తారు, చూడాల్సిన అంకెను వదిలేస్తారు. దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. అలాంటి దేశంలో నిమ్ముతో చేరిన రోగి కేస్ షీట్‌లో షుగర్ గడి ఖాళీగా ఉండటం నిర్లక్ష్యం కాక మరేమిటి?

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే ఉత్తర్వులివ్వాలి. న్యుమోనియాతో చేరిన ప్రతి రోగికీ చేరిన గంటలోనే షుగర్ పరీక్ష చేయాలి. స్టెరాయిడ్ మొదలుపెడితే రోజూ, రాత్రి షిఫ్టులో కూడా చూడాలి. మిగతా పరీక్షలు రాసినప్పుడు ఎందుకో కేస్ షీట్‌లో ఒక్క వాక్యమైనా ఉండాలి. డాక్టర్ చీటీ లేకుండా ఈ ప్యాకేజీలు అమ్మడం ఆపించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గ్లూకోమీటర్ స్ట్రిప్పులు అయిపోయాయన్న మాట వినపడకూడదు. ఇందులో ఏదీ కోట్లు పోసి కట్టాల్సిన భవనం కాదు.

తెలంగాణలో ఈ పరీక్షలకు గరిష్ఠ ధరలు ఖరారు చేసిన జీవో 2021 జూన్ నాలుగో వారంలో వచ్చింది. వాపును చూపే మరో పరీక్ష ఐఎల్-6కు 1,300 రూపాయలు, డీ-డైమర్‌కు 300 అని అందులో రాశారు. అప్పటికి సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టింది, జనం అప్పులు చేసి బిల్లులు కట్టేశారు. ఈసారి కూడా అధికారులు చితులు చల్లారాకే ఫైలు కదుపుతామంటే, ఆ సంతకం ఎవరి కోసమో వాళ్లే చెప్పాలి.