స్వింగ్ ఒక్కటే చూసి లేత్ కొనొద్దు

చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం, అదే లేత్, కొనడం గురించి ఒక ఆర్టికల్‌లో పెద్ద చెక్క గిన్నెలకి 16 అంగుళాల స్వింగ్ (లేత్‌లో పట్టే గరిష్ఠ వెడల్పు), 1 హెచ్‌పీ మోటారు చాలని రాశారు. స్వింగ్ వరకూ సరే. స్పిండిల్ (మొద్దుని తిప్పే ఇరుసు) మధ్య నుంచి బెడ్‌కి (కింది పట్టాలకి) 8 అంగుళాలన్నమాట. మొద్దు ఎప్పుడూ వంకరే కాబట్టి 14 అంగుళాల గిన్నె వరకే నమ్ముకోవాలి. 1 హెచ్‌పీ మాత్రం వేప మొద్దులో గౌజ్ (గాడి ఉన్న ఉలి) కాస్త లోతుగా దిగితే ఆగిపోతుంది. కొండపల్లి బొమ్మల పొణికి కర్రతో పోల్చుకోకండి, అది దూది. 2 హెచ్‌పీకి తగ్గొద్దు.

అసలు చూడాల్సింది కనీస వేగం. గిన్నె అడ్డకొలత అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6,000–9,000 మధ్య రావాలని టర్నర్ల లెక్క. 14 అంగుళాలకి సుమారు 430–640. అదీ గుండ్రంగా వచ్చాకే! రంపంతో కోసిన మొద్దుని 100–150 దగ్గర మొదలుపెట్టాలి. కనీస వేగమే 500 ఉన్న లేత్ అయితే స్టాండుతో సహా గదంతా నడుస్తుంది.

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటే ఇంటి సింగిల్ ఫేజ్ మీదే త్రీఫేజ్ మోటారు నడుస్తుంది. అయితే 415 వోల్టుల స్టార్ కనెక్షన్ మోటారుని 230 వోల్టులకి డెల్టాగా మార్పించాలి (స్టార్, డెల్టా అంటే లోపలి తీగచుట్లని కలిపే రెండు పద్ధతులు). విజయవాడ ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేవాళ్లకి ఇది తెలిసిన పనే. వేగం మొత్తం వీఎఫ్‌డీతోనే తగ్గిస్తే బలం చాలదు, బెల్టుని లో స్పీడ్ పుల్లీకి మార్చుకోవాలి.

స్పిండిల్ మర (థ్రెడ్) ఎం33×3.5 సైజు అయితే చక్‌కి (మొద్దుని పట్టే బిగింపుకి) ఇబ్బంది ఉండదు. లేత్ బరువు 200 కిలోలు దాటాలి. దాటకపోతే స్టాండు కింది భాగంలో చెక్క అర (షెల్ఫ్) బిగించి దానిమీద నాలుగు ఇసుక బస్తాలు పడేయండి, అదురు చాలావరకు తగ్గుతుంది.