ఓట్ల లెక్కలో తోడేలు

తోడేలుకు ఇక అంత రక్షణ అక్కరలేదని యూరోపియన్ పార్లమెంటు తేల్చేసింది. 371 మంది ఔనన్నారు, 162 మంది కాదన్నారు, 37 మంది తటస్థంగా ఉండిపోయారు. ‘కఠిన రక్షణ’ జాబితా నుంచి ఉత్త ‘రక్షణ’ జాబితాకు దించడానికి అంతే చాలింది. 2024 డిసెంబరులో యూరప్ వన్యప్రాణుల రక్షణకు కుదిరిన బెర్న్ ఒప్పంద స్థాయీ సంఘం దారి వేసిపెడితే, పార్లమెంటు అత్యవసర విధానంలో పని ముగించింది.

గొర్రెలు పోగొట్టుకుంటున్న కాపరుల గోడు నిజమే. తోడేళ్లు 20 వేలు దాటాయన్నదీ నిజమే. అయితే పరిహారం పెంచండి, కంచెలు వేయించండి, కాపలా కుక్కలనివ్వండి. జాబితా జోలికి ఎందుకు వెళ్లాలి? ఈ మార్పు తొందరపాటని యూరప్‌లో పెద్ద మాంసాహార జంతువులను అధ్యయనం చేసే నిపుణులే హెచ్చరించారు. వారి మాట ఎవరికి పట్టింది? 2022లో యూరోపియన్ కమిషన్ (ఈయూ కార్యనిర్వాహక విభాగం) అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్‌డెర్ లేయెన్ పెంచుకున్న పోనీ గుర్రం డాలీని తోడేలు చంపింది. మరుసటి ఏడాదే కమిషన్ తోడేళ్ల హోదాపై సమీక్షకు దిగింది. రెండింటికీ ముడి ఉందని మేం అనడం లేదు. అనుమానించేవారిని మాత్రం తప్పుపట్టలేం.

ఇలా ఓట్లతో తేల్చడం కొత్త కాదు. 2011లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ బిల్లుకు ఒక నిబంధన తగిలించి రాకీ పర్వతాల తోడేళ్లను అంతరించే ముప్పున్న జీవుల జాబితా నుంచి తప్పించింది. కోర్టులు ప్రశ్నించకుండా తలుపూ మూసింది. 2010లో దోహాలో అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పంద సమావేశంలో అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా చేపల అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధానికి 20 దేశాలే చేతులెత్తాయి, 68 అడ్డుపడ్డాయి. ఓటింగుకు ముందు జపాన్ ఇచ్చిన విందులో ప్రతినిధులకు వడ్డించింది ఆ ట్యూనానే!

చేతులెత్తకుండానూ వర్గీకరణ సాగుతుంది. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) రెడ్ లిస్ట్ పాండాను ముప్పు స్థాయిలో ఒక మెట్టు దించినప్పుడు చైనా ఒప్పుకోలేదు. అయినా లెక్క మారలేదు. అక్కడ మాట్లాడేది సంఖ్య, తగ్గుదల, ఆవాస విస్తీర్ణం. ఎవరి పలుకుబడో కాదు.

పులితో, ఏనుగుతో సర్దుకుని బతకమని ఇతర ఖండాల పల్లెలకు దశాబ్దాలుగా సుద్దులు చెప్పిన యూరప్, తన మందల దగ్గరికి వచ్చేసరికి నిబంధననే మార్చుకుంది. పంటలు, ప్రాణాలు పోగొట్టుకుంటున్న ఆ పల్లెలకు ఇక ఏ ముఖంతో నీతులు చెబుతుంది? రేపు ఎలుగుబంటి ఫైలు, ఎల్లుండి లింక్స్ అనే అడవిపిల్లి ఫైలు బల్ల మీదికి వస్తాయి. ‘ఇది వేరు’ అని అభ్యంతరం చెప్పడానికి ఆ 371 మందిలో ఒక్కరికైనా నోరు పెగులుతుందా?