మెడలో ఎనిమిదో ఎముక

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయని, అంత పొడవు మెడున్న జిరాఫీకీ అన్నేనని మెడ ఎముకల మీద మీరు రాసిన వ్యాసంలో చక్కగా చెప్పారు. కానీ హయాయిడ్ ఎముకను ఎలా మరిచారండీ? గడ్డం కింద, స్వరపేటికకు కాస్త పైన గుర్రపు నాడాలా వంగి ఉంటుంది. మరే ఎముకతోనూ దానికి కీలు లేదు. కండరాలు, స్నాయువుల ఆసరాతోనే వేలాడుతుంది. బొటనవేలు, చూపుడువేలితో అక్కడ మెత్తగా పట్టుకుని గుటక వేయండి, పైకి లేవడం తెలుస్తుంది.

ఇంకొకటి. ‘కాదు’ అని తల అడ్డంగా ఊపేటప్పుడు దాదాపు సగం పని మొదటి రెండు పూసలదే. మొదటిది ఉంగరంలాంటిది, రెండోదాని పంటిలాంటి మొన చుట్టూ తిరుగుతుంది. వ్యాసంతో ఇచ్చిన బొమ్మలో మాత్రం ఏడింటినీ ఒకే అచ్చులో పోసినట్టు గీశారు! తల వంచి మెడ వెనక తడిమితే ఉబ్బెత్తుగా తగిలేది సాధారణంగా ఏడోది.