కోడింగ్ అంటే ఉద్యోగం ఒక్కటేనా?

మా నెల్లూరులో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే ఏ ఇంట చూసినా సీఎస్ఈ మాటే. ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటయినా కొనాలి, దానికి పొలం అమ్మినా పర్లేదు. ఏ అమ్మాయైనా బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరతానంటే మాత్రం "ఏం తల్లీ, సీటు రాలేదా?" అని జాలి పడతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కంప్యూటర్‌తో ఏమేం కనిపెట్టవచ్చో ఆ సీఎస్ఈ పిల్లలకైనా ఎవరన్నా చెప్తున్నారా?

కెనడా భౌతిక శాస్త్రవేత్త మాథ్యూ చాప్టుయిక్ సంగతి చూడండి. 1993లో ఆయన ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలను కంప్యూటర్‌తో సాధిస్తూ, లెక్క కోసం ఊహించుకున్న ఒక సాదా క్షేత్రపు (స్కేలార్ ఫీల్డ్) అలను మాత్రమే పరిశీలించారు. నక్షత్రం లేదు, ధూళి లేదు. మన స్వర్ణాల చెరువులో రాయి వేస్తే అలలు గుండ్రంగా బయటికి పోతాయి కదా, దాన్ని వెనక్కి తిప్పినట్టు అన్ని వైపుల నుంచీ కేంద్రానికి దూసుకొచ్చే అల అది. బలం తక్కువైతే కేంద్రాన్ని దాటి చెదిరిపోతుంది. ఎక్కువైతే తన గురుత్వాకర్షణకు తానే కూలి బ్లాక్ హోల్ అవుతుంది.

మరి ఆ రెంటికీ మధ్య? ఆయన పట్టుకున్నది ఆ గీతనే. అల బలాన్ని చెప్పే ఒక్క సంఖ్యను మారుస్తూ పోయారు. చెదిరిందా, కొంచెం పెంచు. కూలిందా, కొంచెం తగ్గించు. దశాంశ బిందువు తర్వాత అంకె మీద అంకె. గీతకు దగ్గరయ్యేకొద్దీ పుట్టే బ్లాక్ హోల్ చిన్నదవుతూ వచ్చింది. గీతకున్న దూరం పదోవంతుకు తగ్గితే ద్రవ్యరాశి సుమారు 2.3 రెట్లు తగ్గుతుంది. ఆ లెక్క వెనకున్న ఘాతాంకం దాదాపు 0.37. మొదట అల ఏ ఆకారంలో ఉన్నా అదే 0.37! సరిగ్గా గీత దగ్గర ఇంకో వింత: అదే నమూనా ప్రతిసారీ సుమారు 30 రెట్లు చిన్నదై మళ్లీ మళ్లీ పుడుతుంది. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది ఏ టెలిస్కోప్‌లోనూ కనపడింది కాదు, కాగితం మీద ఎవరూ ముందే ఊహించిందీ కాదు. కోడ్ రాసి, ఓపికగా నడిపితే బయటపడింది. సరిగ్గా గీత మీద బ్లాక్ హోల్ ద్రవ్యరాశి సున్నాకు చేరుతుంది, అంటే సింగులారిటీని (గురుత్వాకర్షణ హద్దు లేకుండా పెరిగిపోయే చోటును) కప్పే ముసుగే ఉండదు. దీని దెబ్బకే స్టీఫెన్ హాకింగ్ 1997లో ఒక పందెం ఓడినట్టు ఒప్పుకున్నారు. బ్లాక్ హోల్ ముసుగు లేకుండా సింగులారిటీ బయటికి కనపడదని తోటి భౌతిక శాస్త్రవేత్తలు కిప్ థోర్న్, జాన్ ప్రెస్కిల్‌లతో ఆయన కాసిన పందెం అది. 'ప్రత్యేకంగా సరిచేసిన పరిస్థితుల్లో తప్ప' అని షరతు చేర్చి మళ్లీ పందెం కట్టారనుకోండి.

ఒకప్పటి మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే 2024 జనవరి 1న ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ ఎగిరింది, బ్లాక్ హోల్స్ లాంటి వాటి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను పరిశీలించడానికి. ఇంత దగ్గర్లో ఉండి కూడా మన పిల్లలకు బ్లాక్ హోల్ అంటే యూట్యూబ్‌లో అన్నిటినీ మింగేసే రాక్షసి. ఇది అన్యాయం.

చాప్టుయిక్ చేసిన గోళాకార లెక్క ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనే బదులు దీన్ని ఎందుకు చేయకూడదు? ఫిజిక్స్ పిల్ల ఒకరు, సీఎస్ఈ పిల్లాడొకడు కలిసి కూర్చుంటే చాలు. ఆ పైన చేయాల్సిన పని బోలెడు మిగిలే ఉంది. గోళాకారం వదిలేసి, ఉత్త గురుత్వ తరంగాలే కూలితే ఏమవుతుందన్న దగ్గర ఆ ఒకే సంఖ్య కథ అంత సాఫీగా కుదరడం లేదు, ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.